సూరు కాడ్నుంచి

పాతికేండ్లు పెంకలు కప్పినోణ్ణి.
ఈ గుడ్డ మాత్రం నాకు కొత్త.
పట్నం నుంచి కల్వకుర్తికి లారీల ఒచ్చింది,
చాపచుట్టల తీరు రెండు చుట్టలు.
ఒక దిక్కు రాతలు, ఒక దిక్కు సాఫు.
నాకు సదువు రాదు.
రాతలున్న దిక్కు లోపటికి మలిపిన.

కొప్పు కాడ్నుంచి మొదలువెట్టిన.
మీది పని అయిపోతే కిందిది అల్కగైతదని నా లెక్క.
మీది వరుస పరిచి
దాని అంచు మీదికి కింది వరుస ఎక్కించిన.
డప్పుకు తోలు గుంజినట్టు గుంజిన.
వాసానికి వాసానికి నడుమ
ఏలుతోటి కొడితే మోగాలె,
అది నా షోకు.

కింద అరుగు మీద కుర్మమ్మ మిషిను ఆగింది.
జాకెట్టు చెయ్యి సూది కిందనే ఇడిసి,
చెంబుతోటి నీళ్లు పట్టుకొని నిచ్చెన ఎక్కింది.
నన్నేం అనలే.
కొప్పు కాడ చెంబు వంచింది.

నీళ్లు సక్కగ జారినయి,
నేను ఎక్కించిన అంచు కాడికొచ్చి
తెరిసిన నోట్లెకు పోయినట్టు లోపటికి పోయినయి.
ఇంట్ల గిన్నె మీద టపటప.

"పైట ఏడ ఏసుకుంటరన్నా,
జాకెట్టు మీదనా, లోపటనా?"

గంతే అడిగింది.
నా చెవులు ఎండకు కాలినయో, సిగ్గుకు కాలినయో.

పోయినేడు గదే ఇంటికి
నీలం ప్లాస్టిక్ పరిచింది గుడ నేనే.
వాన చుక్క లోపటికి రాలే, నిజమే.
లోపటిదే బయటికి పోలే.
అయిదుగురి ఊపిరి, జొన్న గట్క ఆవిరి,
తడిగుడ్డ మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆవిరి,
అన్ని ప్లాస్టిక్ కింద ముత్యాల లెక్క అంటుకొని
తెల్లారుజామున రాలేటియి.
వాసాలు నానిన పల్లికాయ తీరు మెత్తబడ్డయి.
పెండ్లిపిల్ల పట్టు జాకెట్టు మీద
బూజు మచ్చ, ఆవగింజంత.
పైసలు వాపస్ ఇచ్చింది కుర్మమ్మ.
నాకు చెప్పలే. వాళ్ల చిన్నోడు చెప్పిండు.

"వాన రావొద్దు, ఆవిరి ఆగొద్దు,
గసుంటి గుడ్డ ఉంటదా" అని
బట్టల దుకాణపోణ్ణి, ఇనుప దుకాణపోణ్ణి,
ఆఖరికి బ్యాంకు మేనేజరును గుడ అడిగిందట.

మొలలన్ని పీకిన.
తూట్లు నూట పద్నాలుగు.
లెక్కవెట్టింది ఆమెనే.
ఒక్కొక్క తూటుకు పట్టీ ముక్క కత్తిరించి అతికింది,
చినిగిన లాగుకు మాసిక ఏసినట్టు.

ఈసారి సూరు కాడ్నుంచి.
రాతలు ఆకాశం దిక్కు.
మొదటి వరుస అంచు సూరు దాటి
నీళ్ల కాలువ మీదికి వేలాడాలె,
లోపటికి మలిస్తే గోడ తాగుతది.
రెండోది మొదటిదాని మీదికి జానెడు.
మూడోది రెండోదాని మీదికి జానెడు.
వాసాల నడుమ కొద్దిగ వదులు,
ఉయ్యాల గాదు, ఊరికెనే ఒక ఒంపు,
పెంక పలిగి చుక్క దిగినా
ఆ ఒంపుల పడి సూరు దాక నడిసిపోవాలె.
దాని మీద వాసం ఎంబడి నిలువు పట్టీ,
పట్టీ మీద అడ్డం పట్టీ,
అప్పుడు పెంక.
పెంకకు గుడ్డకు నడుమ
గాలి మెసలనీకి రెండేళ్ల సందు.

పొద్దుగూకె.
ఒక దినం కూలి కోసుకొని ఇచ్చింది.
న్యాయమే.

మిరుగు నాడు రాత్రి వాన దంచింది.
నన్నెవ్వలు రమ్మనలే.
గోనెసంచి నెత్తిన కప్పుకొని పోయి
ఎదురు హోటల్ రేకుల కింద నిలబడ్డ.
సూరు పొడుగూత నీళ్లు దారాలు దారాలు,
ఒక్కటి తెగలే.
లోపట మిషిను నడుస్తున్నది,
దీపం ఎలుగుల ఆమె పాదం ఒక్కటే కనవడ్డది,
తొక్కుతున్నది, తొక్కుతున్నది.
చాయ తాగకుంటనే మర్లిన.

ఇంటికొచ్చి పండుకున్న.
వాన తగ్గింది.
నా కప్పు కింద నేను పరుచుకున్న నీలం ప్లాస్టిక్
చీకట్ల నిగనిగ.
నొసటి మీద ఒక చుక్క.
తుడుసుకొని నాలికకు పెట్టుకున్న.
వాన గాదు.
మా ఊపిరే.